స్నూపింగ్ ఆన్ చేస్తే టీవీలు ఆగిపోతున్నాయి, ఆఫ్ చేస్తే వైఫై నడవడం లేదు: తిరుపతి లాడ్జి నెట్‌వర్క్

గాంధీరోడ్_టెక్:
అందరికీ నమస్కారం. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జికి నెట్‌వర్క్ పని చూస్తున్నా. కింది అంతస్తుతో కలిపి నాలుగు అంతస్తులు, అరవై గదులు. మిద్దె మీద డిష్, కింద ఆఫీసులో స్ట్రీమర్ (డిష్ ఛానళ్లను నెట్‌వర్క్‌లోకి పంపే పెట్టె). అక్కణ్ణుంచి 40 ఛానళ్లు మల్టీకాస్ట్‌గా (ఒక్కో ఛానల్ ఒకే కాపీగా వెళ్లి అడిగిన అందరికీ చేరే పద్ధతి) గదుల్లోకి పోతాయి, ఛానల్‌కు దాదాపు 3 ఎంబీపీఎస్. కోర్ స్విచ్ ఆఫీసులోనే ఉంది, కింది గదులు నేరుగా దానికే. పైన అంతస్తుకొక స్విచ్. టీవీ బాక్సులు, వైఫై యాక్సెస్ పాయింట్లు, రిసెప్షన్ కంప్యూటర్ అన్నీ ఒకటే వీలాన్‌లో (స్విచ్‌లలో విడగొట్టే నెట్‌వర్క్ భాగం) ఉన్నాయి. నేను రాకముందు నుంచీ అట్లే వేసి ఉంది.

వైఫై బాగా నెమ్మదిగా ఉందని యాత్రికులు రోజూ రిసెప్షన్‌లో అడుగుతా ఉన్నారు. దర్శనం టికెట్ పీడీఎఫ్ కూడా దిగడం లేదంట. యాక్సెస్ పాయింట్ ఉన్న పోర్టు గ్రాఫ్ చూస్తే అర్ధరాత్రి ఎవరూ వాడని వేళలో కూడా 120 ఎంబీపీఎస్ లోపలికి పోతా ఉంది. అంటే 40 ఛానళ్లూ ఆ పోర్టులోకి దూరుతున్నాయి.

అందుకని అన్ని స్విచ్‌లలో ఐజీఎంపీ స్నూపింగ్ (ఏ పోర్టుకు ఏ ఛానల్ కావాలో స్విచ్ విని అక్కడికే పంపే ఏర్పాటు) ఆన్ చేసినా. అన్‌రిజిస్టర్డ్ మల్టీకాస్ట్ (ఎవరూ అడగని ఛానళ్లు) అనే చోట డ్రాప్ పెట్టినా. వైఫై ఆ నిమిషం నుంచే బాగైపోయింది. కానీ టీవీలు పోయినాయి. కింది గదుల్లో ఛానల్ పెడితే నాలుగు నిమిషాలు చక్కగా వస్తుంది, తర్వాత బొమ్మ నిలిచిపోతుంది. ఛానల్ మార్చి మళ్లీ వెనక్కి వస్తే ఇంకో నాలుగు నిమిషాలు. పై అంతస్తుల్లో అయితే మొదట్నుంచే నల్ల తెర.

బ్రహ్మోత్సవాలు దగ్గరికొచ్చేసినాయి. గరుడ సేవ రాత్రి కొండ మీదికి పోలేని పెద్దవాళ్లు గదిలో కూర్చుని ఎస్వీబీసీలోనే చూస్తారు. ఆ లోపల ఇది సరి కావాలి. ఎవరైనా చెప్పగలరా?

తలకోన_నెట్:
అన్నా, స్నూపింగ్ తీసేయ్. టీవీలకు ఒక వీలాన్, వైఫైకి ఒక వీలాన్ విడగొట్టు. అంతే. నేను చేసిన చోట్లన్నీ ఇట్లనే ఉండాయి, ఏ గొడవా లేదు. స్నూపింగ్ పెట్టిన ప్రతిచోటా ఏదో ఒకటి ఆగిపోతా ఉంటాది.

రేణిగుంట:
ఆన్ చేసింది సరే, క్వెరియర్ ఎవరు? ఆ నెట్‌వర్క్‌లో క్వెరీలు పంపేది ఏదైనా ఉందా? నాలుగు నిమిషాలు అన్నారు కాబట్టి అడుగుతున్నా. అది నాలుగు నిమిషాల ఇరవై సెకన్లా? వాచీ పెట్టి చూడండి.

గాంధీరోడ్_టెక్:
చూసినా రేణిగుంట అన్నా. సరిగ్గా అంతే, 4:20 దగ్గర ఆగింది. క్వెరియర్ అనేది మెనూలో ఉంది కానీ ఆఫ్‌లో ఉంది. అది దేనికో తెలియక ముట్టుకోలేదు.

స్వర్ణముఖి:
జబ్బు దొరికింది. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే ప్రశ్న ప్రతి హోటలు, ప్రతి కాలేజీ ల్యాబ్ నుంచీ వస్తుంది.

ముందు తలకోన గారి మాట. టీవీలకు వేరే వీలాన్ అన్నది ఖాయంగా చేయాల్సిందే, అది మంచి సలహా. కానీ ఆ వీలాన్‌లో స్నూపింగ్ తీసేస్తే ఇక్కడ లెక్క కుదరదు. 40 ఛానళ్లు 3 చొప్పున 120 ఎంబీపీఎస్. టీవీ బాక్సుల్లో చాలావాటికి ఉండేది 100 ఎంబీ పోర్టు. చూసేది ఒక ఛానలే అయినా 120 వచ్చి ఆ పోర్టు మీద పడితే మిగతా 20 ఎక్కడికి పోవాలి? స్విచ్ పారేస్తుంది. పారేసే ప్యాకెట్లలో చూస్తున్న ఛానల్‌వీ ఉంటాయి, బొమ్మ గళ్లు గళ్లు అవుతుంది. పది పదిహేను ఛానళ్లున్న చిన్న లాడ్జిలో స్నూపింగ్ లేకుండా నడుస్తుంది. మీరు చేసిన చోట్ల అలా నడిచి ఉంటుంది.

ఇప్పుడు 4:20 సంగతి. బాక్సులో ఛానల్ పెట్టగానే "ఈ గ్రూపు నాకు కావాలి" అని ఒక ఐజీఎంపీ రిపోర్టు పంపుతుంది (గ్రూపు అంటే ఇక్కడ ఒక ఛానల్). పోకుండా ఉంటుందేమోనని వెంటనే ఇంకోసారి పంపుతుంది. ఆ తర్వాత తనంతట తాను ఎప్పుడూ పంపదు. ఎవరైనా అడిగితేనే బదులిస్తుంది. అడిగే పని క్వెరియర్‌ది. 125 సెకన్లకొకసారి అన్ని పరికరాలూ వినే 224.0.0.1 అడ్రస్‌కు "ఎవరెవరికి ఏ గ్రూపులు కావాలి" అని క్వెరీ పంపుతుంది. బదులివ్వడానికి 10 సెకన్ల గడువు. స్నూపింగ్ చేసే స్విచ్ ఈ రిపోర్టులను పక్కనుంచి విని, ఏ పోర్టుకు ఏ గ్రూపు కావాలో పట్టికలో రాసుకుంటుంది. రెండు క్వెరీల కాలం, దాని మీద 10 సెకన్లు గడిచినా ఆ పోర్టు నుంచి బదులు లేకపోతే పేరు కొట్టేస్తుంది. 125 రెండింతలు 250, పది కలిపితే 260 సెకన్లు. అదే మీ 4:20.

బళ్లో అయ్యవారు హాజరు పిలిస్తేనే పిల్లలు పలుకుతారు. పిలిచే అయ్యవారే లేకపోతే పిల్లలంతా బెంచీల మీదే ఉన్నా పట్టీలో అందరికీ గైర్హాజరే పడుతుంది. మీ టీవీలకు జరిగింది అదే. ఛానల్ మార్చి వెనక్కి వస్తే కొత్త రిపోర్టు పోతుంది కాబట్టి ఇంకో 260 సెకన్లు దొరుకుతాయి.

పై అంతస్తుల నల్ల తెరకూ మూలం ఇదే. ఏ పోర్టు నుంచి రిపోర్టు వచ్చినా దాన్ని అన్ని వైపులకూ పంపకూడదు, మల్టీకాస్ట్ రౌటర్ ఉన్న పోర్టుకు మాత్రమే పంపాలి అన్నది స్నూపింగ్ పద్ధతి. 2006లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4541 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చెప్పేదీ అదే. రౌటర్ ఏ పోర్టు వైపు ఉందో స్విచ్‌కు తెలిసేది క్వెరీ వచ్చిన దారిని బట్టి. క్వెరీయే లేదు కాబట్టి మీ రెండో అంతస్తు స్విచ్‌కు రౌటర్ పోర్టే లేదు. గది నుంచి వచ్చిన రిపోర్టు అక్కడే ఆగిపోయింది. పైన ఎవరో ఎస్వీబీసీ అడుగుతున్నారని కోర్ స్విచ్‌కు తెలియనే తెలియదు. కింది గదులు నేరుగా కోర్‌కే ఉన్నాయి కాబట్టి వాటికి నాలుగు నిమిషాలైనా దక్కింది.

మామూలుగా ఈ క్వెరీ పని మల్టీకాస్ట్ రౌటర్ చేస్తుంది. లాడ్జిలో ఉండే ఇంటర్నెట్ రౌటర్ చాలావరకు చేయదు. అందుకే స్విచ్‌లోనే స్నూపింగ్ క్వెరియర్ అని ఇస్తారు. అది ఆన్ చేయండి.

అన్‌రిజిస్టర్డ్‌ను మళ్లీ ఫ్లడ్‌కు మార్చి తప్పించుకోవాలని మాత్రం చూడకండి. పేరు కొట్టేసిన గ్రూపులన్నీ తిరిగి అన్ని పోర్టుల్లోకీ వరదలా పోతాయి. టీవీలు వస్తాయి, వైఫై పోతుంది, మొదటికొస్తారు.

తలకోన_నెట్:
స్వర్ణముఖి మేడమ్, ఇది నాకు ఇంతవరకు ఎవురూ ఇట్ల చెప్పలేదు. స్నూపింగ్ పెట్టినప్పుడంతా ఎందుకు ఆగతా ఉందో ఇప్పుడు తెలిసింది. నా దగ్గర ఒక చోట 25 ఛానళ్లు దాటినాయి, అక్కడ పెట్టి చూస్తా.

గాంధీరోడ్_టెక్:
మేడమ్, రాత్రి పనికి కూర్చున్నా. టీవీలన్నీ వీలాన్ 20లోకి మార్చినా. క్వెరియర్ అన్ని స్విచ్‌లలో ఆన్ చేసినా, ఒకటి ఆగిపోతే ఇంకొకటి అందుకుంటుంది కదా అని. కింద, ఒకటో అంతస్తు, రెండో అంతస్తు బ్రహ్మాండంగా ఉన్నాయి. గంటకు పైగా ఎస్వీబీసీ పెట్టి చూసినా, ఒక్కసారి కూడా ఆగలేదు.

కానీ మూడో అంతస్తులో అన్ని టీవీలూ గళ్లు గళ్లు. ఏ ఛానల్ పెట్టినా అంతే. అక్కడున్నది పాత స్విచ్, పోర్టులన్నీ 100 ఎంబీ, కిందికి వచ్చే అప్‌లింక్ (కోర్‌కు కలిపే తీగ) కూడా.

రేణిగుంట:
కోర్ స్విచ్‌లో మల్టీకాస్ట్ రౌటర్ పోర్టుల పట్టిక ఇక్కడ పెట్టండి. అట్లే ప్రతి స్విచ్ ఐపీ ఏమిటో రాయండి.

గాంధీరోడ్_టెక్:
కోర్‌లో చూపించేది ఇది:

వీలాన్ 20, రౌటర్ పోర్టు: 24, డైనమిక్
క్వెరియర్: 192.168.20.3, వెర్షన్ 2

పోర్టు 24 అంటే మూడో అంతస్తుకు పోయే కేబుల్. ఐపీలు: కోర్ 192.168.20.250, ఒకటో అంతస్తు .11, రెండో అంతస్తు .12, మూడో అంతస్తు .3.

రేణిగుంట:
దొరికింది. ఒకే వీలాన్‌లో ఇద్దరు ముగ్గురు క్వెరియర్లుంటే ఎన్నిక జరుగుతుంది. ఎవరి ఐపీ అన్నిటికంటే చిన్నదో వాళ్లే గెలుస్తారు. మిగతావాళ్లు నోరు మూసుకుని వింటారు, గెలిచినవాడు 255 సెకన్లు పలకకపోతే అప్పుడు లేస్తారు. వేగం, స్థలం, ధర ఏదీ చూడరు, ఐపీ ఒక్కటే. మీ లాడ్జిలో .3 గెలిచింది.

గెలిస్తే ఏమైందంటారా? క్వెరీ ఏ పోర్టు నుంచి వస్తే అది రౌటర్ పోర్టు. రౌటర్ పోర్టుకు స్విచ్ అన్ని గ్రూపులనూ పంపుతుంది, అక్కడ ఎవరూ అడగకపోయినా. నిజమైన రౌటర్ అయితే వాటిని ఇంకో నెట్‌వర్క్‌కు పంపాల్సి ఉంటుందేమో అని ఆ ఏర్పాటు. కాబట్టి మీ కోర్ 40 ఛానళ్లనూ, మొత్తం 120 ఎంబీపీఎస్‌ను, పోర్టు 24 నుంచి 100 ఎంబీ తీగలోకి తోస్తోంది.

గాంధీరోడ్_టెక్:
అర్థమైందన్నా. అంటే క్వెరియర్ యాడ కూర్చుంటే వరదంతా ఆ వైపు పోతుంది.

స్వర్ణముఖి:
అవును. ఈ చర్చలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే నేను అదే గుర్తుంచుకోమంటాను. స్నూపింగ్‌ను ఎవరైనా ఒక టిక్కుతో ఆన్ చేస్తారు. క్వెరియర్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయించడమే అసలు డిజైన్. స్ట్రీమర్ ఎక్కడుందో, క్వెరియర్ అక్కడే ఉండాలి. మీ స్ట్రీమర్ కోర్‌లో ఉంది కాబట్టి కోర్‌కే ఇవ్వండి. అప్పుడు అంతస్తు స్విచ్‌లన్నిటికీ రౌటర్ పోర్టు కిందికి వచ్చే అప్‌లింక్ అవుతుంది. రిపోర్టులు కిందికి వస్తాయి, అడిగిన ఛానళ్లు మాత్రమే పైకి పోతాయి. మూడో అంతస్తులో గదులన్నీ ఒకే ఛానల్ చూస్తే ఆ తీగలో పోయేది 3 ఎంబీపీఎస్. గరుడ సేవ రాత్రి లాడ్జి అంతా ఎస్వీబీసీ పెట్టినా అంతే. మల్టీకాస్ట్ గొప్పతనం అక్కడే ఉంది. అరవై గదులకు విడివిడిగా పంపితే 180 అయ్యేది.

కోర్ క్వెరియర్ అడ్రస్ 192.168.20.1 చేయండి. సిస్కోలో అయితే ఐపీ ఐజీఎంపీ స్నూపింగ్ క్వెరియర్ అడ్రస్ అనే కమాండ్‌తో క్వెరీకి వాడే ఐపీని విడిగా ఇవ్వొచ్చు. వేరే స్విచ్‌లలో వీలాన్ ఇంటర్‌ఫేస్ ఐపీనే తీసుకుంటుంది. ఏ ఐపీ లేకపోతే కొన్ని స్విచ్‌లు 0.0.0.0 నుంచి క్వెరీ పంపుతాయి. అలాంటి క్వెరీని కొన్ని పరికరాలు లెక్కచేయవు. అది చాలా తిప్పలు పెట్టే తప్పు, కాబట్టి అసలైన ఐపీ ఒకటి ఉండేలా చూసుకోండి.

ఒకటి ఆగితే ఇంకొకటి అందుకోవాలన్న మీ ఆలోచన మంచిదే, కానీ కోర్ ఆగితే స్ట్రీమర్ కూడా ఆగినట్టే కదా. ఇక్కడ రెండో క్వెరియర్‌తో లాభం లేదు. అంతస్తు స్విచ్‌లలో ఆఫ్ చేయండి.

రేణిగుంట:
మైక్రోటిక్ రౌటర్లు, స్విచ్‌లు వాడేవాళ్లకు ఒక మాట. బ్రిడ్జ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ అని ఒక ఆప్షన్, మల్టీకాస్ట్ క్వెరియర్ అని ఇంకొకటి విడిగా ఉంటాయి. రెండోది డీఫాల్ట్‌గా ఆఫ్. మొదటిది టిక్ చేసి వదిలేస్తే ఆ బ్రిడ్జ్ క్వెరీలు పంపదు. లైనక్స్ బ్రిడ్జ్‌లోనూ క్వెరియర్ డీఫాల్ట్‌గా ఆఫ్. ఎండీబీ (మల్టీకాస్ట్ గ్రూపుల) పట్టిక చూస్తే ఏ పోర్టుకు ఏ గ్రూపు ఉందో తెలుస్తుంది.

చిత్తూరు_పల్ప్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. సీజన్‌లో తోతాపురి లారీలు వరసగా నిలబడి ఉంటాయి, గేటు దగ్గర, తూకం దగ్గర, లైన్ దగ్గర కెమెరాలు. రెండు గదుల్లో ఒకేసారి చూడాలని కెమెరాలు మల్టీకాస్ట్‌లో పెట్టినారు. గ్రూపులు 239.128.0.11 నుంచి 239.128.0.30 దాకా. స్నూపింగ్ ఉంది, క్వెరియర్ ఉంది, పట్టికలో గ్రూపులు కూడా సరిగ్గా కనిపిస్తా ఉండాయి. అయినా తూకం కంప్యూటర్ పోర్టులోకి కెమెరా ట్రాఫిక్ అంతా వస్తా ఉంది. ఇదేం విడ్డూరం?

స్వర్ణముఖి:
మీ గ్రూపు నంబర్లలోనే ఉంది.

మల్టీకాస్ట్ ఐపీని ఈథర్‌నెట్‌లో పంపాలంటే దానికొక మ్యాక్ అడ్రస్ (ఈథర్‌నెట్‌లో వాడే హార్డ్‌వేర్ చిరునామా) కావాలి. 01:00:5ఈ అనే ముందు భాగం స్థిరం. ఆ వెనక ఐపీలోని చివరి 23 బిట్లు మాత్రమే చేరతాయి. మల్టీకాస్ట్ ఐపీలో మారే బిట్లు 28. అంటే 5 బిట్లు పోయాయి, 32 ఐపీలు ఒకే మ్యాక్‌ను పంచుకుంటాయి. మీ 239.128.0.11ను అలా మార్చితే 128లోని పై బిట్ రాలిపోయి సున్నా అవుతుంది. వచ్చే మ్యాక్ 01:00:5ఈ:00:00:0బీ. 224.0.0.11కూ సరిగ్గా అదే మ్యాక్.

224.0.0.0 నుంచి 224.0.0.255 వరకు ఉన్నవి రౌటింగ్ ప్రోటోకాల్‌లకూ, నెట్‌వర్క్ నడకకూ కేటాయించినవి. రౌటర్లు వాడే ఓఎస్‌పీఎఫ్ 224.0.0.5, వీఆర్‌ఆర్‌పీ 224.0.0.18, ప్రింటర్లను వెతికే ఎండీఎన్‌ఎస్ 224.0.0.251. వీటికి చాలా పరికరాలు రిపోర్టు పంపవు, అందుకే స్విచ్ వీటిని అన్ని పోర్టులకూ పంపి తీరాలి. ఐపీ చూడకుండా మ్యాక్ మాత్రమే చూసి దారి నిర్ణయించే స్విచ్ మీ కెమెరా ప్యాకెట్‌ను కూడా ఆ కోవలో వేసి ఫ్లడ్ చేస్తుంది.

239.0.0.ఏదైనా, 239.128.0.ఏదైనా, 224.128.0.ఏదైనా వాడకండి. 239.20.1.11 నుంచి పెట్టుకోండి. 239తో మొదలయ్యేవి సంస్థ లోపల వాడుకోవడానికి కేటాయించినవే, 1998లో ఆర్ఎఫ్‌సీ 2365తో. రెండో అంకె 0, 128 కాకుండా చూసుకుంటే చాలు. ఒక కెమెరాకు 239.20, ఇంకొకదానికి 239.148 అని కూడా ఇవ్వకండి. 148లోంచి 128 తీస్తే 20, మళ్లీ అదే మ్యాక్ వస్తుంది.

చిత్తూరు_పల్ప్:
ఇది కెమెరా వేసినాయనకు కూడా తెలిసి ఉండదు. రేపు షిఫ్ట్ మారేటప్పుడు నంబర్లు మార్చి చెప్తా.

గాంధీరోడ్_టెక్:
కోర్‌కు .1 ఇచ్చి మిగతావాటిలో క్వెరియర్ ఆఫ్ చేసినా. వెంటనే ఏమీ మారలేదు, నాలుగైదు నిమిషాలు ఆగినాక మూడో అంతస్తు సర్దుకుంది. పోర్టు 24లో ఇప్పుడు 15 ఎంబీపీఎస్ మించి పోవడం లేదు. ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ (నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే ప్రోగ్రామ్) పెట్టి ఐజీఎంపీ ఒక్కటే వడకట్టి చూసినా. 125 సెకన్లకొకసారి 192.168.20.1 నుంచి 224.0.0.1కి జనరల్ క్వెరీ, దాని వెనకే పది సెకన్ల లోపల బాక్సుల రిపోర్టులు. చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

ఇంకో సందేహం అక్కా. ఛానల్ మార్చినప్పుడు పాత ఛానల్ ఇంకో రెండు సెకన్లు పోర్టులో వస్తూనే ఉంది. ఫాస్ట్ లీవ్ అని ఒక ఆప్షన్ ఉంది, పెట్టమంటారా? మా ఫ్యామిలీ రూముల్లో రెండు టీవీలున్నాయి, ఒకటే పోర్టు నుంచి చిన్న స్విచ్ పెట్టి ఇచ్చినారు.

స్వర్ణముఖి:
ఫ్యామిలీ రూముల పోర్టులకు వద్దే వద్దు. ఒక టీవీ ఛానల్ వదిలితే లీవ్ (వదిలేస్తున్నా అనే సందేశం) పోతుంది. మామూలు పద్ధతిలో అయితే "ఆ గ్రూపు ఇంకెవరికైనా కావాలా" అని సెకను తేడాతో రెండుసార్లు అడిగి, బదులు లేకపోతేనే ఆపుతారు. మీరు చూసిన రెండు సెకన్లు అవే. ఫాస్ట్ లీవ్ పెడితే అడగకుండానే ఆపేస్తుంది. హాల్లో తాత చూస్తున్న ఛానల్, లోపలి గదిలో మనవడు రిమోట్ నొక్కగానే ఆగిపోతుంది. పోర్టుకు ఒకే బాక్సున్న గదుల్లో పెట్టొచ్చు. మీకు 100 ఎంబీ పోర్టులో 3 ఎంబీ ఛానల్ కాబట్టి రెండు సెకన్లు రెండు ఛానళ్లు వచ్చినా నష్టం లేదు. నేనైతే ఎక్కడా పెట్టను.

తలకోన_నెట్:
మేడమ్, వెర్షన్ 2, 3 ఏది పెట్టాల? నా దగ్గర బాక్సులు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

స్వర్ణముఖి:
2 పెట్టండి. క్వెరియర్ వెర్షన్ 2 క్వెరీ పంపితే 3 తెలిసిన బాక్సు కూడా 2లోకి దిగి బదులిస్తుంది. పాత బాక్సుకు 3 రాదు. ఫలానా సర్వర్ నుంచి వచ్చే గ్రూపే కావాలని ఎంచుకోవడానికి 3 అవసరం, లాడ్జి టీవీకి ఆ పని లేదు.

చిత్తూరు_పల్ప్:
నంబర్లు మార్చినా. తూకం కంప్యూటర్ పోర్టు నిశ్శబ్దమైపోయింది. చాలా థాంక్స్ అక్కా. మా స్విచ్‌లో పక్కనే ఎంఎల్‌డీ స్నూపింగ్ అని ఇంకొకటి ఉంది, దాన్ని కూడా ఆన్ చేయాలా?

రేణిగుంట:
అది ఐపీవీ6 కోసం, పని అదే. మీ కెమెరాలు ఐపీవీ4 అయితే ముట్టుకోవద్దు. ఐపీవీ6లో పక్క యంత్రం మ్యాక్ కనుక్కోవడమే మల్టీకాస్ట్ మీద నడుస్తుంది. ఎంఎల్‌డీ క్వెరియర్ లేకుండా స్నూపింగ్ పెడితే కొన్ని స్విచ్‌లలో అది కూడా కాసేపటికి ఆగిపోతుంది. అప్పుడు కెమెరా కాదు, కంప్యూటర్లే ఒకదానికొకటి కనిపించవు.

గాంధీరోడ్ తమ్ముడూ, అన్ని స్విచ్‌లలో కాన్ఫిగరేషన్ సేవ్ చేసినావా? వెబ్ పేజీలో అప్లై నొక్కితే నడుస్తున్న మెమరీలోకి మాత్రమే పోయే స్విచ్‌లు చాలా ఉన్నాయి. మూడో అంతస్తు పాతది ముఖ్యంగా చూడు. కరెంటు పోయి వచ్చిందంటే అది మళ్లీ క్వెరియర్‌గా లేస్తుంది.

గాంధీరోడ్_టెక్:
కోర్‌లో చేసినా అన్నా. మూడో అంతస్తుది అప్లై వరకే ఉంది, ఇప్పుడే పైకి పోయి సేవ్ చేసి, ఒకసారి రీస్టార్ట్ కూడా చేసి చూస్తా. దాని ఐపీని కూడా .3 నుంచి .13కి మారుస్తా.